ఇటలీ బండి బేరం

ఎద్దుల బేరాలు చూస్తూ పెరిగినదాన్ని, ఒక మోటారు సైకిలు అమ్మడం నాకో లెక్కా అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే మోసపోయాను. తిరుపతిలో మా ఇంటి మెట్ల కింద ఇప్పుడొక ఖాళీ చోటుంది. అక్కడ నేల మీద అరచెయ్యంత నూనె మరక. బట్టల సోడా వేసి రుద్దాను, నిమ్మచెక్కతో రుద్దాను, పోలేదు. ఆ మరక కనబడినప్పుడల్లా మా ఆయన ఒక నిట్టూర్పు విడుస్తాడు, నేను వినిపించుకోనట్టు చీపురు తిప్పుతాను. ఆ చోటు ఎలా ఖాళీ అయిందో రాద్దామని కూర్చుంటే కలం మెట్ల కింద నిలవడం లేదు. నేను పుట్టిన ఐరాల దాకా పోయి, మా నాయన ఎద్దుల కొట్టం ముందు చతికిలబడుతోంది. లేపినా లేవడం లేదు కాబట్టి రెండూ కలిపే రాస్తాను.

ముందు బండి సంగతి. మా ఆయన పేరు మునిరత్నం. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఒకే ఒక్క పాత స్కూటరు మీద వెళ్లదీసిన నెమ్మదస్తుడు. రోడ్డు దాటేటప్పుడు కుడీ ఎడమా చూసి, చాలక పైకి కూడా చూసే రకం. అలాంటి మనిషి రిటైరైన ఏడాది తిరక్కుండానే ఎర్రటి ఇటలీ బండి ఒకటి ఇంటికి తోలుకొచ్చాడు. బస్టాండు దగ్గర ఒక లాడ్జి ఓనరు కొడుకు ముచ్చటపడి కొనుక్కుని, కొన్నాళ్లు ఊరంతా అదరగొట్టి, పెళ్లి కుదిరాక కారులోకి మారిపోయాడట. అది పందేల్లో తోలే రకం బండి. ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు వంగి తోలాలి. మా ఆయనకేమో నడుము నొప్పి. అందుకని బండినే తన నడుముకు తగ్గట్టు మార్చుకున్నాడు. ఉన్న హ్యాండిలు తీయించి, వెల్డింగు షాపులో నిటారుగా నిక్కిన పైపు హ్యాండిలు వేయించాడు. వెనక సీటు పిడికెడంత ఉంటే, సీట్లు కుట్టే సాయిబును పట్టుకుని మెరూను రంగు రెగ్జినుతో ఇద్దరు కూర్చునే సీటు, దానికి వీపు ఆనించుకునే దిండు కుట్టించాడు. కూరగాయలకొక పెట్టె పెట్టించాడు. ఆ పైన, నా కోసమని చెప్పి, పువ్వుల డిజైను ఉన్న చీర గార్డు బిగించాడు. లాడ్జీల వీధిలో ఆపితే చాలు, కొత్త గుండ్ల యాత్రికులు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగేవాళ్లు. ఎదురింటి తాయారమ్మ మాత్రం చుట్టూ తిరిగి చూసి, ‘ఏమి విజయా, సినిమా హీరోకి పంచె కట్టి పెండ్లిచూపులకు పంపించినట్టుండాదే’ అంది. ఆ చీర గార్డు పక్కన నేను ఒక్క రోజు కూడా కూర్చోలేదు. అంత ఎత్తున కూర్చుంటే ఊరేగింపులో ఉన్నట్టుంటుందని చెప్పి తప్పించుకునేదాన్ని. అసలు సంగతి భయం.

భయమంటే బండి మీద ఎక్కడానికి కాదు, ఆయన ఎక్కుతున్నందుకు. కళ్లకు ఆపరేషను అయింది, మోకాళ్లు కిర్రుమంటాయి, బండి ఒకవైపు ఒరిగిందంటే ఆయన లేపలేడు. పొద్దున కాఫీ తాగి హెల్మెటు పెట్టుకుని బయల్దేరితే, దాని గలగల శబ్దం మళ్లీ వీధి మొదట్లో వినబడేదాకా నాకు ఏ పనీ చేతికి వచ్చేది కాదు. ఎన్నిసార్లు పాలు పొంగబెట్టానో నా పొయ్యికే తెలుసు. ఈ వయసులో నాకు ఈ మనిషి తప్ప వేరే సందడి లేదు. ఒక రోజు తెగించి, ‘ఇంట్లో ఆ బండన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల’ అని చెప్పేశాను. ఆయన జవాబు చెప్పడానికి తీసుకున్న వ్యవధి చూసి నాకు ఒళ్లు మండింది గానీ, చివరికి ‘అమ్ముదాంలే’ అన్నాడు.

అమ్మడమంటే నాకు తెలిసింది ఒకటే, మా నాయన అమ్మిన తీరు. ఐరాల చుట్టుపక్కల ఎద్దుల చెంగల్రాయుడంటే తెలియనివాళ్లు ఉండేవాళ్లు కారు. సంతల్లో బక్క ఎద్దుల్ని కొనుక్కొచ్చి, మేపి, కాడికి అలవాటు చేసి అమ్మేవాడు. మా ఇల్లు ఉలవల వాసనతో తెల్లవారేది. అమ్మ కోడి కూసే వేళకే పొయ్యి మీద బాన పెట్టి ఉలవలు ఉడికించేది. ఆ ఆవిరి, కొట్టంలోని పేడ వాసన, గానుగ ఆడే నెలల్లో పక్క చేలో కాగుతున్న బెల్లం వాసన, అన్నీ కలిసి వచ్చి దుప్పట్లు లాగేవి. ఉలవలు ఎద్దులకు, ఉలవకట్టుతో చారు మాకు. ఎద్దులకు పెట్టగా మిగిలిందే మనం తింటామని చాలా ఏళ్లు అనుకున్నాను, అది పెద్ద అబద్ధం కూడా కాదు. నాయన మొహం కడుక్కోకముందే కొట్టంలోకి పోయి, ఒక్కొక్క ఎద్దు గంగడోలు నిమిరి, పేరుపెట్టి పిలిచి, రాత్రి నిద్ర పట్టిందా అని కనుక్కునేవాడు. మమ్మల్ని ఎవరినీ అలా అడిగిన గుర్తు నాకు లేదు. అమ్మ ఆ మాటే అంటే, ‘నువ్వు నోరుండేదానివి, నువ్వే చెప్తావు. అదెట్ల చెప్తాది?’ అనేవాడు. కొమ్ములకు ఆముదం పూసి పూసి ఆయన చేతులు ఎప్పుడూ నిగనిగలాడుతూ ఉండేవి. భుజం మీది తువ్వాలు ఆముదం, పొగాకు కలిసిన వాసన వేసేది. దాన్ని ఉతకనిచ్చేవాడు కాదు. ఉతికితే బేరాలు తప్పిపోతాయని ఆయన నమ్మకం. అమ్మ దాన్ని చూస్తే ముక్కు మూసుకునేది గానీ, ఆయన సంతకు బయల్దేరేటప్పుడు మరిచిపోతే మళ్లీ తనే వెనకాల పరుగెత్తి ఇచ్చి వచ్చేది.

కొనేవాళ్లు మా ఇంటికే వచ్చేవాళ్లు. రాగానే అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వాలి. వానలూ పంటలూ ఆ ఊరి తగాదాలూ అన్నీ మాట్లాడుకోవాలి. ఎద్దు మాట మాత్రం ఎత్తకూడదు, ఎత్తినవాడు ఆత్రపడ్డట్టు లెక్క. అంతా అయ్యాక లేచి కొట్టంలోకి పోయి, ఎద్దు చుట్టూ తిరిగి, పళ్లు చూసి, సుడులు చూసి, అప్పుడు కొనేవాడు అడగవలసినవి అడిగేవాడు. పొడుస్తుందా, తంతుందా, కాడి కింద పడుకుంటుందా. అమ్మేవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అడిగినప్పుడు దాచి, తర్వాత బయటపడితే ఎద్దును మారుమాట లేకుండా వెనక్కి తీసుకోవాలి. నాయన అడగకముందే చెప్పేవాడు. కొనేవాడి మొహం చూడకుండా, ఎద్దునే చూస్తూ, అది కూడా వింటోందేమో అన్నట్టు చిన్నగా చెప్పేవాడు. ఆ తర్వాత ధర. అది నోటితో చెప్పేది కాదు. తువ్వాలు కింద ఇద్దరూ చేతులు కలిపి వేళ్లు పట్టుకుని బేరమాడేవాళ్లు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ తెలియదు. తువ్వాలు మాత్రం అటూ ఇటూ కదులుతూ ఉండేది. ఆడపిల్లలు అక్కడికి రాకూడదు. నేను గడ్డివామి వెనక నిలబడి చూసేదాన్ని. నా ఏడుపుగొట్టు మొహం చూడలేక, నిద్రపోయే ముందు నాయన నాకు ఆ వేళ్ల లెక్క ఆటగా నేర్పించాడు. ఒక వేలు పట్టుకుంటే ఇంత, అరచేతిలో గీస్తే అందులో సగం, మణికట్టు నొక్కితే ఇంక దిగేది లేదని. నేర్పించాక మాత్రం, ‘నీకెందుకు ఇది, నువ్వేమన్నా ఎద్దులు అమ్మబోతావా’ అని నవ్వేవాడు.

ఇక మా అమ్మకానికి వస్తాను. ఇప్పుడు అరుగులూ లేవు మజ్జిగా లేదు. ఫోటోలు తీసి ఫోనులో పెడితే చాలు, ముక్కూ మొహం తెలియని వాళ్లు ‘చివరి రేటు చెప్పండి’ అని మెసేజి పెడతారు. నమస్కారం కూడా ఉండదు. వచ్చిన వాళ్లలో సగం మంది ముందు చీర గార్డు చూసి నవ్వేవాళ్లు, తర్వాత హ్యాండిలు చూసి బాధపడేవాళ్లు. అయినా బండి మీద మోజుతో నిలబడేవాళ్లు. అప్పుడు మా ఆయన మొదలుపెట్టేవాడు. ఆయనకు పెళ్లయిన కొత్తలోనే మా నాయనంటే గురి కుదిరింది. ‘మీ నాయన ఎట్ల అమ్మినాడు? దోషం దాచకుండా అమ్మినాడు గదా. నేనూ అట్లనే అమ్ముతా’ అన్నాడు. నేను మురిసిపోయాను, నా మతి మండ.

మొదట వచ్చిన కుర్రవాడు డాక్టరు చదువుతున్నవాడు. ‘సార్, మైలేజీ ఎంతిస్తుంది?’ అని అడిగాడు. ‘ఆ మాట అడగొద్దు నాయనా. పెట్రోలు బంకులో దీన్ని చూస్తానే లేసి నిలబడతారు’ అన్నాడు మా ఆయన. ‘ఇంజను వేడికి తొడలు కాల్తాయి. ఎండాకాలము సిగ్నల్లో ఆగితే దోసె పెనం మీద కూర్చున్నట్టే. సామాను ఏది పోయినా చెన్నై నుంచి రావల్ల, వచ్చేదాకా ఇది మెట్ల కింద కొత్తల్లుడి మాదిరి కూర్చోనుంటాది. గలగలమంటా ఉండాదే, అది రిపేరు కాదు, దాని గొంతే అంత. క్లచ్చి పట్టి పట్టి నా ఎడమ చెయ్యి కుడి చెయ్యి కన్నా లావయింది, కావల్లంటే కొలుచుకో.’ ఆ పిల్లవాడు దండం పెట్టి వెళ్లిపోయాడు. మా ఆయన పసుపు గుడ్డ తీసుకుని ఈల వేసుకుంటూ ట్యాంకు తుడిచాడు. తర్వాత వచ్చినవాళ్లకూ ఇదే పురాణం. మా నాయన దోషాలు చెప్పింది ఎద్దును అమ్ముకోవడానికి. ఈయన చెబుతున్నది బండి నిలబెట్టుకోవడానికి. అది నాకు అర్థమయ్యేసరికి ఆ పసుపు గుడ్డ మాసి జిడ్డయిపోయింది. ఇంక వచ్చేవాళ్లతో నేనే మాట్లాడతానని చెప్పాను. ‘మాట్లాడు, నన్ను అడిగితే మాత్రం నేను అబద్ధం చెప్పను’ అన్నాడు, చేతులు కట్టుకుని.

అలాంటి సమయంలో చిత్తూరులో ఫ్లెక్సీలు ప్రింటు చేసే సుధాకర్ అనే అతను వచ్చాడు. వెంట వాళ్ల అవ్వను తీసుకొచ్చాడు. ఆమెది కాణిపాకం దగ్గర పల్లె అని తెలిసి, నేను ఐరాల ఎద్దుల చెంగల్రాయుడి కూతుర్నని గొప్పగా చెప్పుకున్నాను. మనిషి చిక్కిపోయి పుల్లలా ఉంది గానీ చూపు మాత్రం సూది. సుధాకర్ బండి చూసి నోరు తెరిచాడు, అవ్వ వాణ్ని పక్కకు నెట్టి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. టైర్లు నొక్కింది, సీటు మీద చరిచింది, చీర గార్డు మీది పువ్వుల్ని వేలితో తడిమి ‘ఇదొక్కటే మనిషి సేసిన మాదిరి ఉండాది’ అంది. ఆ మాటకు మా ఆయన కరిగిపోయి, అలవాటు కొద్దీ దోషాలు చెప్పుకుంటూ పోయాడు. అవ్వ అన్నిటికీ తలూపింది. నాకు మా కొట్టంలో నిలబడినట్టే ఉంది, ఉలవల వాసన ఒక్కటే తక్కువ.

‘అన్నీ సెప్పినావు సరే,’ అంది అవ్వ. ‘దోవలో పండుకుంటాదా?’

‘ఇంతవరకూ నిలిచిపోలేదు అవ్వా.’

‘ఎవరినన్నా పడేసిందా?’

అడిగినదానికి పదింతలు చెప్పే మనిషి ‘లేదు’ అని ఒక్క మాట అని అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అవ్వ ఆ అద్దానికి అడ్డంగా వచ్చి, ‘కాణిపాకము సామి ముందర నిలబడి ఆ మాట సెప్తావా?’ అంది. మా వైపు ఇది కొత్త మాట కాదు. గట్టు తగాదా అయినా, పోయిన గొలుసైనా, తాగుడు మానేస్తానన్న మాటైనా, కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే అది తేలినట్టే. ఆయన ముందు అబద్ధమాడే ధైర్యం మా జిల్లాలో ఎవరికీ లేదు. బేరం తెగే సూచన కనబడగానే నాకు హుషారొచ్చింది. ‘చెప్తారు అవ్వా, దానికేమి. వచ్చే ఆదివారమే వస్తాము’ అన్నాను. మా ఆయన గుడ్డ కింద పడేసుకున్నాడు.

‘అయితే ధర మాట్లాడల్ల’ అంది అవ్వ. సుధాకర్ ఫోను తీసి లెక్కలు వెయ్యబోతుంటే, ‘నువ్వు ఊరికుండరా’ అని, కింద పడ్డ ఆ పసుపు గుడ్డ తీసి తన చేతి మీద పరుచుకుంది. నా వైపు చూసి, ‘అమ్మణ్ణీ, నువ్వు ఎద్దుల చెంగల్రాయుడి కూతురంటివే. సెయ్యి ఇయ్యి’ అంది. గడ్డివామి వెనక నిలబడ్డ పిల్లను ఎవరో చెయ్యి పట్టుకుని కొట్టంలోకి పిలిచినట్టయింది. గుడ్డ కింద చెయ్యి పెట్టాను. అవ్వ వేళ్లు ఎండు చిక్కుడుకాయల్లా ఉన్నాయి, పట్టు మాత్రం ఇనుము. ఆమె రెండు వేళ్లు పట్టుకుంది, నేను విదిలించి మూడు పట్టాను. ఆమె అరచేతిలో గీసింది. నేను ఆమె మణికట్టు నొక్కాను. అవ్వ పళ్లు లేని నోటితో నవ్వింది. మగవాళ్లిద్దరూ పెట్రోలు వాసన కొడుతున్న ఆ గుడ్డనే చూస్తూ నిలబడ్డారు. ‘ఏమైంది, ఎంతకు తెగింది?’ అని మా ఆయన అడిగాడు. తర్వాత చెబుతానన్నాను. బేరంలో నాయన ముఖం ఎందుకంత వెలిగేదో నాకు ఆ రోజు తెలిసింది.

ఆదివారం దాకా మా ఆయన సరిగా తినలేదు. ‘ప్రమాణము లేకుండా బేరం కాదా?’ అని ఒకసారి, ‘దేవుణ్ని బండి బేరాలకు లాగడం ఏం బాగుండాది?’ అని ఒకసారి అడిగాడు. బండి మీద మమకారమనుకుని నేను పట్టించుకోలేదు. దానికి తోడు ఆయనకు చాలా రోజులుగా కుడి భుజం నొప్పి. దిండు ఎత్తుగా ఉండి పట్టేసిందని చెప్పాడు. నేను పాత దిండు పారేసి బూరుగు దూది దిండు కుట్టించాను. దాన్ని కుట్టినవాడితో దూది గట్టిగా కూరావని పోట్లాడాను కూడా. రోజూ తైలం వేడిచేసి భుజానికి రుద్దుతుంటే, కళ్లు మూసుకుని ‘ఆ, ఆడనే’ అనేవాడు. ఆదివారం పొద్దున సుధాకర్ వచ్చి బండి తీసుకుని ముందు బయల్దేరాడు. మేము బస్సెక్కాము. పూతలపట్టు దాటిన తర్వాత ఒక మలుపు దగ్గర కిటికీలోంచి చూస్తున్న మా ఆయన ముఖం తిప్పేసుకున్నాడు. పాపం, ముందు పోతున్న బండి కనబడి బాధపడుతున్నాడనుకుని అరటిపండు ఒలిచి ఇచ్చాను.

కాణిపాకంలో ఆదివారం జనం చెప్పనక్కర్లేదు. సుధాకర్ బండికి కాపలాగా బయట ఉండిపోయాడు. అవ్వ ముందు, వెనక నేను, నా వెనక మా ఆయన, ఇనుప కమ్మీల మధ్య లైనులో నిలబడ్డాం. సగం దూరం పోయాక ఆయన నా చెవి దగ్గర, ‘విజయా, నేను బయటికి పోతా. కడుపులో ఒక మాదిరిగా ఉండాది’ అన్నాడు. వెనకాల జనం కిక్కిరిసి ఉన్నారు. ‘వెనక్కి యాడికి పోతారు, ముందుకు పోతేనే బయటికి దోవ’ అన్నాను. ఆయన ఆ కమ్మీలనూ ఈ కమ్మీలనూ చూశాడు. తర్వాత నన్ను దాటి అవ్వను పిలిచాడు.

‘అవ్వా, అది నన్ను ఒక తూరి పడేసింది.’

అవ్వ వెనక్కి తిరిగింది. లైనులో మా చుట్టూ ఉన్న వాళ్లు కూడా తిరిగారు. ‘యాడ?’ అంది అవ్వ.

‘పూతలపట్టుకు ఈ తట్టు మలుపులో. చెరుకు ట్రాక్టరు పోయినట్టుండాది, రోడ్డంతా చెరుకాకు. బ్రేకు పట్టినా. బండి ఒక తట్టుకు పోయింది, నేను ఒక తట్టుకు పోయినా. ఆవులు మేపేటోళ్లు వచ్చి లేపినారు. ముందు బండిని లేపినారు, ఆ తర్వాత నన్ను.’

‘దెబ్బ?’

‘భుజము.’

‘తిరపతిలో ఉండేవోడివి ఈ తట్టుకు ఎందుకొచ్చినావు?’

ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. ‘అంగడి బెల్లము మందు వాసన కొడతాదని ఈమె తినేది మానేసింది. ఐరాలలో గానుగ బెల్లము దొరుకుతాదని వచ్చినా. పెట్టెలో పెట్టుకుని పోతా ఉంటే పడినా. బెల్లమంతా మట్టిపాలయింది.’

కూరగాయల పెట్టెలో చీమలు పట్టాయని ఆ నెలలో నేను ఆయన్ను ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చింది. దిండు గుర్తొచ్చింది, తైలం గుర్తొచ్చింది. నాకు ఏడుపూ వచ్చింది, చెంప పగలగొట్టాలన్న కోపమూ వచ్చింది. లైనులో వెనకాల ఒక తమిళ ముసలాయన ఏమైందని అడుగుతుంటే పక్కనున్న ఆయన అరవంలో అంతా విడమరిచి చెబుతున్నాడు. నేను మాత్రం ఆ కమ్మీల మధ్య నిలబడి మా అమ్మను చూస్తున్నాను.

ఒకసారి నాయనకు డొక్కలో నొప్పి వచ్చింది. వాయువు పట్టిందని చెప్పాడు. అమ్మ రోజూ తవుడు వేయించి, గుడ్డలో మూటకట్టి, కాపడం పెట్టింది. వాయువు కూరలు మానేసి మిరియాల చారు కాచింది. ఆయన కిక్కురుమనకుండా తాగాడు. ఆ రోజుల్లోనే కార్వేటినగరం నుంచి ఒకాయన ఎద్దు కోసం వచ్చి, అరుగు మీద కూర్చోకుండా నేరుగా కొట్టంలోకి పోయాడు. అమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని కొట్టం దగ్గరికి వచ్చింది, వెనక గ్లాసులతో నేను. ‘పొడస్తాదా?’ అని ఆయన అడిగాడు. ‘పొడస్తాది. నన్నే పొడిచింది’ అని నాయన చొక్కా ఎత్తి చూపించాడు. డొక్క మీద అరచేతి వెడల్పున నల్లగా కమిలిపోయి ఉంది. అమ్మ చెంబు కింద పెట్టి ఇంట్లోకి పోయింది. ఆ తర్వాత చాలా రోజులు అన్నం పెట్టింది, నీళ్లు తోడింది, మాట మాత్రం లేదు. నాయనకు ఏమీ అర్థం కాలేదు. ‘నేను నిజమే గదా చెప్పినా’ అని నాతో మొత్తుకునేవాడు. నేను అడిగితే అమ్మ ఒక్కసారే నోరు విప్పింది. ‘కొనేవోడికి చూపించినాడు పాపా. నాకు చూపించలేదు’ అంది. ఆ రోజుల్లో మగవాళ్ల దెబ్బలు ఎద్దుల లెక్కలో ఉండేవి గానీ ఇంటి లెక్కలో ఉండేవి కావు. అమ్మ అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు. కోపం దానంతటదే చల్లారిపోయింది, సంగతి మాత్రం అలాగే మిగిలిపోయింది. నేను అమ్మలా మౌనం పట్టగలిగినదాన్ని కాను. నాకు నోరు మూసుకుంటే జ్వరం వస్తుంది.

అవ్వ ఇంకా ఆయన్ను వదల్లేదు. ‘పడేసినాక మళ్లా ఎక్కినావా?’ అంది. ఎక్కానన్నాడు. ‘ఏమన్నా గునిసిందా, మొరాయించిందా?’ లేదన్నాడు, తప్పు రోడ్డుదే అన్నాడు. అవ్వ ఆలోచించి, ‘తెలిసి కొన్నాము, మావోడు నిదానంగా తోల్తాడు. తోలకపోతే నేను అడగతా. నువ్వు నిజము సెప్పినావు, ఇంగ ప్రమాణము ఎందుకు? బండి మాదే’ అని ముందుకు తిరిగిపోయింది. అంతే, బేరం ముగిసింది. ఆ మాట కోసం నేను ఇన్నాళ్లూ కాచుకున్నాను. తీరా వచ్చాక నాకు నిమ్మళం కలగలేదు. బండి పోతుంది సరే, ఈ మనిషి నాతోనే ఇంటికి వస్తాడు. రేపు గుండెలో నొప్పి వచ్చినా వాయువంటాడు. మెట్ల మీద జారినా దిండంటాడు. బండికి భయపడుతూ నేను అసలు భయపడవలసినదాన్ని వదిలేశాను.

లైను వెనక్కి పోనిచ్చేది కాదు కాబట్టి ప్రమాణం లేకపోయినా స్వామి ముందుకు వచ్చాం. నిలబడనిచ్చేది రెండు క్షణాలు. మా ఆయన తలవంచుకుని నాతో, ‘ఏం చెప్పమంటావో చెప్పు, చెప్తా. ఇంక బండెక్కనని చెప్పనా?’ అన్నాడు. పొద్దున బయల్దేరేటప్పుడు నా మనసులో ఉన్నది అదే. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూశాను, సైకిలు లాక్కున్న పిల్లవాడి ముఖం. ‘అది వద్దు,’ అన్నాను. ‘పడితే నాకు చెప్తానని చెప్పండి. యాడ పడినా సరే, ముందు నాకు.’ ఆయన చేతులు జోడించాడు. ‘పడితే ముందు నీకే చెప్తా’ అన్నాడు. స్వామి వైపు కాదు, నా వైపు తిరిగి. అక్కడున్న ఆయన ‘నడవండి, నడవండి’ అని మమ్మల్ని పక్కకు నెట్టాడు.

బండి సుధాకర్‌తో చిత్తూరుకు వెళ్లిపోయింది. మా ఆయన కొన్నాళ్లు బిక్కమొహం వేసుకుని తిరిగాడు, తర్వాత పాత స్కూటరు తుడవడం మొదలుపెట్టాడు. మొన్న పొద్దున నేను ఇడ్లీలకు పిండి వేస్తుంటే స్నానాల గదిలోంచి పెద్ద చప్పుడు, ఆ వెంటనే వీధంతా వినబడేలా కేక. ‘విజయా, పడినా!’ గరిటె పారేసి పరుగెత్తాను. తలుపు గడియ వేసుకోలేదు. నేల మీద కాళ్లు చాచుకుని కూర్చుని, ఒంటినిండా సబ్బు నురగతో, చేతిలో చెంబు వదలకుండా, పరీక్ష పాసైన పిల్లవాడిలా నా వైపు చూస్తున్నాడు. ‘చెప్పినా గదా’ అన్నాడు. తల తడిమాను, మోచేతులు తడిమాను, మోకాలు వంచి చూశాను, ఏమీ కాలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో ఆయన్ను పట్టుకుని లేపబోయాను. లేపలేకపోయాను. తడి నేల మీద ఆయన పక్కనే కూలబడి, నోరారా తిట్టాను.